ఎవరి తాళంచెవి ఎవరి చేతిలో?

స్వ + అవలంబనము = స్వావలంబనము. సవర్ణదీర్ఘసంధి. అవలంబనమంటే ఊత. తనకు తానే ఊతగా నిలవడం స్వావలంబనం. కేంద్రప్రభుత్వం వికలాంగులకిచ్చే విశిష్ట గుర్తింపు కార్డుకు ఈ పేరే పెట్టారు, "స్వావలంబన్ కార్డు" అని. హిందీ ధోరణిలో చివరి అచ్చును మింగేసినా అర్థం చెడలేదు. పేరు పెట్టినవారెవరో గాని మాట తెలిసినవారే. అయితే ఒక మాటను పేరుగా పెట్టుకున్నవారు ఆ మాటకు కట్టుబడి ఉండాలి. వికలాంగుల కోసం మన ప్రభుత్వాలు తెరిచిన జాలస్థలులలో ఎన్నింటికి ఈ మాట తగుతుంది? వాటిలోకి ప్రవేశించే ఆ మొదటి పుట దగ్గరే, అంటే లాగిన్ అనే గడప దగ్గరే, స్వావలంబనం కాస్తా పరావలంబనంగా మారిపోతున్నదని నా ఫిర్యాదు.

నా వాదం ఒక్కటే. దాన్ని ముందే చెప్పేస్తాను. తన ఖాతా తెరవడానికి తన సంకేతపదాన్నీ, తన ఓటీపీనీ మరొకరి చేతిలో పెట్టక తప్పని స్థితికి మనిషిని నెట్టే ద్వారానికి భద్రత లేదు. వికలాంగులను గడప బయట నిలబెడుతున్నందుకు అది అన్యాయమని చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకొంటూనే, "ఏం చేస్తాం మాస్టారూ, భద్రత కోసం తప్పదు" అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు మీదనే నా పోరు. తప్పదన్నది నిజం కాదు. భద్రత అన్నదీ నిజం కాదు.

ఉదాహరణ లేని సూత్రం పిల్లలకు ఎక్కదు, పెద్దలకూ ఎక్కదు. నా దగ్గర పదో తరగతిదాకా చదివిన ఒక విద్యార్థి ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. తెలుగులో ఎం.ఏ. చేసి, ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటూ బ్రతుకుతున్నాడు. తెరమీది అక్షరాలను గొంతెత్తి చదివే స్క్రీన్‌రీడర్ సాయంతో కంప్యూటరు వాడతాడు. అతని దగ్గర ఉన్నది ఎన్వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ దాన్ని మొదలుపెట్టగా, తరువాత జేమ్స్ తే చేయి కలిపాడు. ఇద్దరూ చూపులేనివారే. లోకానికి దాన్ని ఉచితంగా ఇచ్చారు. దానితో నా శిష్యుడు ఉత్తరాలు రాస్తాడు, పత్రికలు చదువుతాడు, నా టపాల్లో అచ్చుతప్పులు పట్టి నాకే ఫోను చేసి చెబుతాడు.

అతడు తన ధ్రువపత్రం పని ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి ఒక ప్రభుత్వ జాలస్థలిలో ప్రవేశించబోయాడు. శాఖ పేరు రాయను. ఒక్కరిని దోషిగా నిలబెడితే మిగిలినవారందరూ సాక్షులైపోతారు, అది నాకిష్టం లేదు. మొదటి గడి దగ్గరికి రాగానే స్క్రీన్‌రీడర్ "ఎడిట్" అని ఊరుకున్నది. ఆ గడిలో సంఖ్య రాయాలో పేరు రాయాలో అది చెప్పలేకపోయింది. గడి పక్కన తెరమీద పేరు ఉన్నది, కాని ఆ పేరును ఈ గడికి ముడిపెట్టవలసినవారు ముడిపెట్టలేదు. రెండవది పుట్టినతేదీ. దాన్ని రాయనివ్వరు, క్యాలెండరు బొమ్మ మీద మౌసుతో నొక్కాలి. మూడవది క్యాప్చా. అక్కడ స్క్రీన్‌రీడర్ "ఇమేజ్" అన్నది, అంతే. ఈ మూడింటితో కుస్తీ పడుతుండగానే గడువు ముగిసిందని ఆ పుట మొదటికి వెళ్ళిపోయింది. నాలుగోసారికి విసిగి వీధి చివరి నెట్ సెంటరుకు వెళ్ళాడు. అక్కడి కుర్రవాడికి సంఖ్య చెప్పాడు, సంకేతపదం చెప్పాడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పాడు. పని అయింది.

ఆ సాయంత్రం నాతో అన్నాడు: "పని అయితే అయింది గాని మాస్టారూ, నా పాస్‌వర్డు ఆ కుర్రాడికి చెప్పేశాక అది ఇంక నా పాస్‌వర్డు ఎలా అవుతుందండీ?"

ఈ ప్రశ్నకు ఆ జాలస్థలిని కట్టినవారు ఎవరైనా సమాధానం చెప్పగలరేమో నాకు వినాలని ఉంది. "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు" అని ఫోనుకు రోజూ హెచ్చరికలు వస్తాయి. పోలీసులు చెబుతారు, బ్యాంకులు చెబుతాయి. మంచి మాటే. ఆ హెచ్చరికను అక్షరాలా పాటించిన చూపులేని మనిషి తన ఖాతాలోకి జన్మలో వెళ్ళలేడు. వెళ్ళాలంటే హెచ్చరికను ధిక్కరించాలి. ఒకచేత్తో రాసిన శాసనాన్ని రెండోచేత్తో ఉల్లంఘింపజేసే ఏర్పాటును భద్రత అంటారా? ఇంటికి తాళం వేయించి, తాళంచెవి మాత్రం దారినపోయేవాడి చేతిలో పెట్టి రమ్మనడం ఇది. దొంగ ఎవడో రాకూడదని వేసిన తాళమే ఇంటియజమానిని దొంగ దయకు వదిలేస్తున్నది.

ఇక క్యాప్చా సంగతి. 2003లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్ ప్రభృతులు దానికి ఆ పేరుతో శాస్త్రరూపం ఇచ్చారు. మనిషినీ యంత్రాన్నీ వేరుచేసే పరీక్ష అని దాని విస్తృతనామానికి సారాంశం. వంకరటింకర అక్షరాలను చూసి పోల్చుకోగలిగితే మనిషి, లేకపోతే యంత్రం. ఈ తర్కాన్ని ఒక్కసారి చూపులేనివాడి వైపునుంచి చదవండి. "నీకు కళ్ళున్నాయా?" అని అడిగి, లేవన్నవాడికి "అయితే నీవు మనిషివి కావు" అని తీర్పు చెప్పే పరీక్ష ఇది. వికలాంగుల కోసమే కట్టిన జాలస్థలి గుమ్మంలో ఈ పరీక్షను నిలబెట్టడం ఎలాంటిదో చెప్పడానికి మన అలంకారశాస్త్రంలో తగిన పేరు దొరకలేదు. వైపరీత్యమని సరిపెట్టుకుందాం.

ఇది ఇప్పుడే తెలిసిన లోపమూ కాదు. జాలానికి ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2005 నవంబరులోనే, క్యాప్చా వికలాంగులకు అందదని, దానికి బదులుగా వాడదగిన పద్ధతులు ఇవీ అని ఒక పత్రం ప్రచురించింది. మనలో చాలామంది తొలి టపాలు రాసుకుంటున్న రోజులవి. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఓటు వేస్తున్నారు. క్యాప్చా మాత్రం గుమ్మంలోనే ఉన్నది.

"వినిపించే క్యాప్చా ఉన్నది కదా" అంటారు. అన్నిచోట్లా లేదు. ఉన్నచోట దాన్ని ఒకసారి మీరే వినండి. గాలివానలో రేడియో పెట్టినట్లు, ఆ హోరులో ఎవరో ఇంగ్లీషులో అక్షరాలు గొణుగుతుంటారు. ఇంగ్లీషు రాని పల్లెటూరి మనిషి సంగతి అటుంచండి. చూపు, వినికిడి రెండూ లేనివారి మాటేమిటి? 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంధబధిరత్వాన్ని కూడా బహువైకల్యాల కింద పేర్కొన్నది. చట్టం పేరుపెట్టి పిలిచిన మనిషిని ద్వారపాలకుడు ఎరగనంటున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఇంతకీ ఈ ద్వారపాలకుడు యంత్రాలనైనా ఆపుతున్నాడా? 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖకు చెందిన పరిశోధకులు ఇతరులతో కలిసి ప్రచురించిన అధ్యయనం, క్యాప్చాలను మనుషులకంటె యంత్రాలే వేగంగా, సరిగా విప్పుతున్నాయని తేల్చింది. అంటే యంత్రం లోపలికి పోతున్నది, మనిషి బయట నిలబడుతున్నాడు.

ఇది చూపులేనివారి గోడు మాత్రమే అనుకోకండి. ఆ 21 రకాలలో పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నది. వణికే వేలితో ఆరంకెల ఓటీపీ కొట్టేలోపల గడువు అయిపోతుంది. మస్తిష్క పక్షవాతం ఉన్నది, అక్కడా ఇదే కథ. అక్షరాలు తారుమారుగా కనిపించే అభ్యసన వైకల్యం ఉన్నది. వారికి మామూలు అక్షరాలే కష్టమైతే, కావాలని వంకర తిప్పిన అక్షరాలు ఇస్తున్నాం. కుష్ఠువ్యాధినుంచి కోలుకున్నవారు ఆ జాబితాలో ఉన్నారు. వ్యాధి వ్రేళ్ళను తినేసినవారిని వేలిముద్ర వేయమని అడిగే యంత్రం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

నాతో వాదించే మిత్రులు సాధారణంగా నాలుగు మాటలంటారు.

మొదటిది: "ఇంట్లో ఎవరో ఒకరు సాయం చేస్తారు కదా!" చేస్తారు. సాయం పుచ్చుకోవడం చిన్నతనమని నేననను. అరవై దాటినవాణ్ణి, నాకూ సాయం కావాలి. అడిగి పుచ్చుకునే సాయం వేరు, అడగక తప్పని సాయం వేరు. తన పింఛను సొమ్మును భర్తే వాడుకుంటున్నాడని ఫిర్యాదు చేయదలచిన ఒక స్త్రీని ఊహించండి. ఓటీపీ వచ్చేది భర్త ఫోనుకు. ఖాతా తెరిచిపెట్టేదీ ఆయనే. ఆ ఫిర్యాదు ఏ నోటితో, ఎవరి వేలితో చేయాలి? ఇంట్లోవారి మంచితనం మీద ఆధారపడి కట్టిన వ్యవస్థ మంచివారున్న ఇళ్ళలోనే పనిచేస్తుంది. ప్రభుత్వపు రక్షణ అవసరమయ్యేదేమో తక్కిన ఇళ్ళలో.

రెండవది: "పింఛను ఇంటికే వస్తున్నది కదా, జాలస్థలితో పనేమిటి?" ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. ఇంటి దగ్గరే చేతికి ఇస్తున్నారు. అది మెచ్చుకోదగ్గదే. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. కాని ఆ డబ్బు చేతికి రావడానికి ముందు ధ్రువపత్రం కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన సదరం కథ మనకు తెలుసు. 2021 జూన్ 1 నుంచి వైకల్య ధ్రువపత్రాలను విశిష్ట గుర్తింపు జాలస్థలి ద్వారా ఆన్‌లైన్‌లోనే జారీ చేయాలని కేంద్రం తప్పనిసరి చేసింది. దరఖాస్తు, దాని స్థితి, గడువు తీరిన పత్రానికి మళ్ళీ దరఖాస్తు, తప్పు పడ్డ శాతంపై అభ్యంతరం, ఇవన్నీ ఆ గడపకు అవతల ఉన్నాయి. సొమ్ము ఇంటికి వస్తే చాలదు. ఆ సొమ్ము ఎందుకు ఆగిందో తెలుసుకునే దారికూడా ఇంటిదాకా ఉండాలి.

మూడవది: "అలాంటివారు ఎంతమంది ఉంటారండీ?" 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల 66 వేల పైచిలుకు. అప్పటికి చట్టం గుర్తించినవి ఇప్పటికంటె తక్కువ రకాలు. ఆ లెక్క చాలదంటే, వయసు మీదపడి చత్వారం వచ్చినవారినీ, చెయ్యి వణికేవారినీ కలుపుకోండి. నన్ను కలుపుకోండి. ఈ టపా చదువుతున్న మిమ్మల్నీ కొన్నేళ్ళలో కలుపుకోవలసి వస్తుంది.

నాలుగవది: "భద్రత సడలిస్తే దొంగలు పడతారు." నేను సడలించమనడం లేదు, మార్చమంటున్నాను. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు ప్రవేశప్రక్రియ గురించి ప్రత్యేకంగా ఒక నియమం పెట్టాయి. చిక్కుముడి విప్పడం, జ్ఞాపకం పెట్టుకొని రాయడం వంటి పరీక్షే ఏకైక మార్గంగా ఉండరాదు, మరో దారి చూపాలి, లేదా ఆ పరీక్షను దాటడానికి తోడ్పాటు ఇవ్వాలి అని దాని భావం. సంకేతపదాన్ని అతికించనివ్వండి, దాన్ని దాచిపెట్టే సాధనాన్ని పనిచేయనివ్వండి, ఫోనుకున్న తాళంతోనే ఖాతా తెరవనివ్వండి. ఇవన్నీ భద్రతను తగ్గించకుండా ఇతరులపై ఆధారపడటాన్ని తగ్గించే పద్ధతులు. లోకంలో ఉన్నవే.

వికల, వికల్ప అన్న రెండు మాటలకూ వ్యుత్పత్తి వేరు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. వికల్పం ఇచ్చినచోట నా శిష్యుడికి వైకల్యం అడ్డురాలేదు. పత్రిక చదివేటప్పుడు అతడు పాఠకుడు, నా తప్పులు దిద్దేటప్పుడు పండితుడు. ఆ లాగిన్ పుట దగ్గర మాత్రమే వికలాంగుడయ్యాడు. "వికలాంగుడు" అనకండి, "దివ్యాంగుడు" అనండి అని 2015 డిసెంబరులో ప్రధాని సూచించారు, ఆ తరువాత శాఖ పేరులోనూ ఆ మాట చేరింది. పేరు మార్చడం తేలిక. గడి పక్కన ఉన్న పేరును గడికి ముడిపెట్టడానికి ఆమాత్రం శ్రమకూడా అక్కరలేదే, అదెందుకు జరగదు?

చట్టం మౌనంగా ఉన్నదా అంటే లేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరులో ధ్రువీకరించింది. దాని తొమ్మిదవ అధికరణం సమాచార సాధనాలు అందుబాటులో ఉండాలంటున్నది. 2009లో ప్రభుత్వ జాలస్థలులకు మార్గదర్శకాలు వచ్చాయి. 2018లోనూ, 2023లోనూ వాటిని సవరించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను ఎలక్ట్రానిక్ సమాచారమంతా అందరికీ అందే రూపంలో ఉండాలని ప్రభుత్వాలకు బాధ్యత పెట్టింది. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను కేవలం సిఫారసులుగా మిగిల్చిన నియమం చట్టానికి విరుద్ధమని కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమన్నది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ వ్యాజ్యంలో మరీ స్పష్టంగా తీర్పు చెప్పింది. ఆమ్లదాడికి గురై కళ్ళు ఆర్పలేని స్త్రీని, సజీవంగా ఉన్నట్లు రుజువుగా కెమెరా ముందు కళ్ళు ఆర్పమన్న వైనం ఆ వ్యాజ్యానికి మూలం. డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం ప్రకటించి, ప్రభుత్వానికీ నియంత్రణ సంస్థలకూ 20 ఆదేశాలిచ్చింది. జీవించే హక్కు అన్నారు, గమనించండి. సౌకర్యం అనలేదు.

ఈ గోడు మీ ముందే ఎందుకు వెళ్ళబోసుకుంటున్నానంటే, తెరమీద అక్షరం ఉండీ చదవలేకపోవడం ఎలా ఉంటుందో మనకు కొద్దిగా తెలుసు. తెలుగు పుట తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించిన రోజులు మరిచారా? ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి. ఖతి లేకపోతే గజిబిజి. బొమ్మగా పెట్టిన వార్తలో వెతకడానికి వీలు లేదు. "తెలుగు యూనికోడులోనే ఉండాలి, బొమ్మగా కాదు" అని మనం ఊరూరా మొత్తుకున్నాం, లేఖినిలో అక్షరం అక్షరం కూడబలుక్కొని రాశాం. ఆనాడు మన కళ్ళకోసం చేసిన ఆ పోరే నా శిష్యుడి చెవులకు పనికొచ్చింది. యూనికోడులో రాసిన తెలుగును స్క్రీన్‌రీడర్ చదువుతుంది. బొమ్మను చదవదు. క్యాప్చా కూడా బొమ్మలో బంధించిన అక్షరమే. అంటే మనం సగంలో ఆపిన పోరాటంలో ఇది మిగిలిన సగం.

మీలో చాలామంది వృత్తిరీత్యా సాఫ్ట్‌వేరువారు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఇలాంటి ద్వారాలను మీ చేతులతోనే కడుతున్నారు. మీకు నా విన్నపాలు ఇవి. ప్రతి గడికీ దాని పేరు ముడిపెట్టండి. తేదీని రాయనివ్వండి. క్యాప్చా తీసేయండి, తీయలేకపోతే చూపు, వినికిడి రెండింటిమీదా ఆధారపడని మరో దారి పెట్టండి. గడువు చాలనివారికి గడువు పెంచుకునే వీలివ్వండి. ఓటీపీ ఫోనుకే రావాలని పట్టుబట్టకుండా, ఎవరి ఖాతాకు వారే ఎంచుకునేట్లు రెండు మూడు మార్గాలు చూపండి. అన్నిటికంటె ముఖ్యం, కట్టిన ద్వారాన్ని ప్రజలకు తెరవకముందు దానితో నిజంగా పని ఉన్నవారిని పిలిచి, జీతమిచ్చి, తెరిపించి చూడండి. వారు ఒంటరిగా తెరవగలిగినప్పుడే బిల్లు చెల్లించే షరతు టెండరులో రాయమని అధికారులను అడగండి.

అధికారులకు ఒకే విన్నపం. మీ శాఖ జాలస్థలిని ఒక్క పూట మౌసు పక్కన పెట్టి, తెర ఆర్పేసి, స్క్రీన్‌రీడర్‌తో తెరవండి. ఎవరినీ సాయం అడక్కండి. మీ సంకేతపదం ఎవరికీ చెప్పకండి.

అభ్యంతరాలున్నవారు వ్యాఖ్యలలో నిర్మొహమాటంగా రాయండి. జవాబిస్తాను. ఇలాంటి ద్వారం దగ్గర నిలబడిపోయిన అనుభవం ఉన్నవారు ముందు రాయండి. వారి వ్యాఖ్యలకు అక్షరాలు గుర్తుపట్టే పరీక్ష పెట్టలేదు. ఆ అమరికను ఈ టపా వేయడానికి ముందే తీసేశాను.